ఫ్లైఓవర్ మీద కారు ఆగిపోతే మనం ఏ పిల్లర్ దగ్గర ఉన్నట్టు?

సంపాదకులు గారికి నమస్కారం అండి,

మాది అత్తాపూర్. మా ఏరియాలో ఎవరినైనా అడ్రస్ అడిగి చూడండి, వీధి పేరు చెప్పరు, ఫ్లైఓవర్ పిల్లర్ నంబర్ చెప్తారు. టిఫిన్ సెంటర్ ఫలానా పిల్లర్ ఎదురుగా, పళ్ల డాక్టరు ఫలానా పిల్లర్ పక్క సందులో, శుభలేఖల మీద కూడా అదే అచ్చేయించుకుంటున్నారు. ఆ ఫ్లైఓవర్ పేరు పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే, 2009లో ఓపెన్ అయింది, మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పదకొండు కిలోమీటర్ల పైనే ఉంటుంది, దాని కింద ఉండేవాళ్లకి ఆ నంబర్లే ఊరూ పేరూ అన్నీ. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే ఆ నంబర్లు కింద ఉన్నోళ్లకే, పైన కారు ఆగిపోయినోడికి ఒక్కటీ కనపడదు. పోయిన నెల ఆ ఆగిపోయినోణ్ణి నేనే.

రాత్రి పదిన్నర అయింది, అక్కా బావా వస్తున్నారని ఎయిర్‌పోర్ట్‌కి బయల్దేరాం, కార్లో నేను, మా ఆవిడ, బాబాయ్. ఫ్లైఓవర్ ఎక్కి కొంచెం దూరం పోయాక మా ఆవిడ "ఏసీ చల్లగా రావట్లేదేంటండీ" అంది, గ్యాస్ అయిపోయుంటుందిలే అనేశా. నిజానికి ఇంజన్ వేడెక్కిపోతే చాలా కార్లలో ముందు తెలిసేది అలాగేనట, ఇంజన్‌ని కాపాడుకోడానికి ఏసీ కంప్రెసర్ దానంతటదే ఆగిపోతుంది. ఆ తర్వాత చూస్తే టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత మీద ఉంది. అప్పుడైనా పక్కకి తీసి ఇంజన్ ఆపేయాలి కదా, నేను మాత్రం ఇంకెంత ర్యాంప్ వచ్చేస్తుంది దిగిపోదాం అని నడిపా, బానెట్ సందుల్లోంచి తెల్లగా పొగ లేచాక గానీ ఆపలేదు. ఆపింది కూడా ఎక్కడ, పక్కన ఖాళీ జాగానే లేని చోట, ఎడమ గోడకి ఎంత ఆనించినా సగం కారు రోడ్డు మీదే ఉంది.

బాబాయ్ అంబాసిడర్ కాలం మనిషి. దిగీ దిగగానే "ఒరేయ్, వాటర్ బాటిల్ ఇటివ్వు, మూత తీసి నీళ్లు పోస్తే ఐదు నిమిషాల్లో పోదాం" అని చేతి రుమాలు మడత పెట్టుకుని రెడీ అయిపోయాడు. నాకు మెకానిక్ పని రాదు గానీ ఇదొక్కటి మాత్రం తెలుసు, వేడి మీద రేడియేటర్ మూత తియ్యకూడదు. లోపల నీళ్లు ప్రెషర్లో ఉంటాయి కాబట్టి వంద డిగ్రీలు దాటినా మరగవు, మూత తిప్పగానే ప్రెషర్ పోయి ఒక్కసారిగా మరిగి ఆవిరీ నీళ్లూ మొహం మీదకి ఎగదన్నుతాయి, కుక్కర్‌లో ప్రెషర్ దిగకముందే మూత లాగినట్టే. కనీసం అరగంట, ఇంకా ఎక్కువైనా పర్లేదు, చల్లారనివ్వాలి. బాబాయ్ అలిగాడు గానీ చెయ్యి కాలకుండా బయటపడ్డాడు.

ఇక ఆగిపోయిన బండి వెనక హెచ్చరికగా పెట్టే ఎర్ర త్రికోణం సంగతి. కారు కొన్నప్పుడే ఇస్తారు, అందరి డిక్కీలోనూ ఉంటుంది, నాదీ ఉంది, తొమ్మిదేళ్లుగా స్టెప్నీ పక్కన ప్లాస్టిక్ కవర్ కూడా చింపకుండా. రాత్రిపూట ఫోన్ లైట్‌లో దాన్ని మొదటిసారి విప్పితే ఎలా ఉంటుందో చెప్తా వినండి. మూడు ఎర్ర పట్టీలు మడతలు పడి ఉంటాయి, పై రెండూ కలిపి నొక్కితే క్లిక్ మనాలి, నాది అనలేదు. కింద నాలుగు కాళ్లు అడ్డంగా తిప్పాలి, నేను రెండే తిప్పా, మిగతా రెండూ ఉన్నాయని తెలీలేదు, నిలబెట్టిన ప్రతిసారీ పక్కనించి పోయే కార్ల గాలికి పడిపోయింది. అంతసేపూ నేను డిక్కీ తెరుచుకుని కారు వెనకే నిలబడ్డా, అంటే టెయిల్ లైట్‌కి సరిగ్గా అడ్డంగా. ఇప్పుడు తల్చుకుంటే కడుపులో తిప్పుతుంది. 80 స్పీడ్‌లో వచ్చే బండి సెకనుకి 22 మీటర్లు వస్తుంది, త్రికోణం 50 మీటర్ల వెనక పెట్టినా వాడికి దొరికేది రెండు సెకన్లు, నేను పెట్టింది పది అడుగుల దూరంలో.

ఈలోపు బైక్ మీద ఒక కానిస్టేబుల్ వచ్చారు, ఎవరో పైనుంచి పోతూ ఫోన్ చేశారంట. ఆయన కారు వైపు కూడా చూడలేదు, ముందు మనుషుల్ని చూశారు. బాబాయ్ కారు ముందు బానెట్‌కి ఆనుకుని నిలబడితే "పెద్దాయనా అక్కడొద్దు, వెనకనుంచి ఎవడైనా గుద్దితే కారు మీ మీదకే వస్తది" అని మమ్మల్ని ముగ్గుర్నీ కారుకి వెనకవైపు చాలా దూరం నడిపించి గోడకి ఆనుకుని నిలబెట్టారు. హజార్డ్ లైట్లు (ఇండికేటర్లన్నీ ఒకేసారి వెలిగేవి) వేశావా, పార్కింగ్ లైట్లు కూడా వెయ్యి అన్నారు. ఇంత చిన్న విషయాలు లైసెన్స్ ఇచ్చేటప్పుడు ఎవరూ చెప్పలేదు నాకు, ఎనిమిది ఆకారంలో తిప్పించారు, రివర్స్ చేయించారు, పంపించేశారు.

అసలు కథ టోయింగ్ బండిది. ఫోన్ చేస్తే డ్రైవర్ మొదటి ప్రశ్న "సార్, ఏ పిల్లర్?" తల పైకెత్తి చూశా, గోడ అంతా చూశా, స్తంభాల మీద లైట్లు తప్ప నాకైతే ఏ నంబరూ కనపడలేదు. సరే అని వాట్సాప్‌లో లొకేషన్ పెట్టా. ఇరవై నిమిషాలకి మళ్లీ ఫోన్, "సార్, లొకేషన్‌లోనే ఉన్నా, మీ కారు లేదు." అనుమానం వచ్చి గోడ మీంచి కిందకి తొంగి చూస్తే సరిగ్గా మా కాళ్ల కింద పసుపు లైటు తిరుగుతూ ఆయన బండి! మ్యాప్‌కి పైనా కిందా తేడా తెలీదు కదా. "అన్నా, తల పైకెత్తు" అని అరిచి చెయ్యి ఊపా, ఆయన కూడా చెయ్యి ఊపాడు, ఇద్దరం ఒకళ్లకొకళ్లం కనపడుతున్నాం గానీ ఆయన పైకి రావాలంటే వెనక్కి తిరిగి, ర్యాంప్ దొరకబుచ్చుకుని, సరైన దిక్కులో ఎక్కి రావాలి. ఇంకో 35 నిమిషాలు. కారులో పోయింది ఏంటయ్యా అంటే ఇంజన్‌ని చల్లబరిచే నీళ్లు పోయే కూలెంట్ హోస్ పైపు, 650 రూపాయలు. టోయింగ్‌కి 2,500. అక్కా బావా క్యాబ్‌లో మాకంటే ముందే ఇంటికి చేరి తాళం దగ్గర కూర్చున్నారు.

అప్పటి నుంచి ఆఫీసులో ఎవరు దొరికితే వాళ్లకి ఇదే క్లాసు పీకుతున్నా, వాళ్లూ వాళ్ల కథలు చెప్తున్నారు. ఒకాయన మలక్‌పేట రైల్వే బ్రిడ్జి కింద వాన నీళ్లలో ఆగిపోతే నాలుగుసార్లు సెల్ఫ్ కొట్టాడట, గాలి పోయే దారిలోంచి ఇంజన్‌లోకి నీళ్లు పోయి కనెక్టింగ్ రాడ్ వంగిపోయింది, ఇన్సూరెన్స్ వాళ్లేమో ఇంజన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ తీసుకోలేదు కాబట్టి ఇవ్వం అన్నారు. నీళ్లలో ఆగిన బండికి సెల్ఫ్ కొట్టొద్దు, తోసుకుని బయటకి తెచ్చుకోవాలి, అంతే. ఇంకొకామె కొత్త కారు పంచరై డిక్కీ తెరిస్తే స్టెప్నీయే లేదంట, 2020 నుంచి రూల్ మారింది, టైర్ ప్రెషర్ చూపించే సిస్టమ్, పంచర్ కిట్ ఉంటే కంపెనీ స్టెప్నీ ఇవ్వక్కర్లేదు. స్టెప్నీ ఉన్నోళ్లు కూడా అందులో గాలి ఎప్పుడు చూసుకున్నారో గుర్తు చేసుకోండి, ఇంకోటి, వీల్ నట్లు జాకీ పెట్టకముందే కొంచెం లూజ్ చేసుకోవాలి, పైకి లేపాక తిప్పితే చక్రం కూడా తిరుగుతుంది. బ్యాటరీ డౌన్ అయితే పక్క కారు నుంచి కేబుల్ వేసేటప్పుడు చివరి నల్ల క్లిప్పు మన బ్యాటరీకి కాకుండా ఇంజన్ ఇనుప భాగానికి పెట్టాలి, బ్యాటరీ దగ్గర నిప్పురవ్వ ఎగిరితే అక్కడ ఉండే గ్యాస్ అంటుకోవచ్చు. వానలో హజార్డ్ లైట్లు వేసుకుని డ్రైవ్ చేసేవాళ్ల గురించి ఇంకో ఉత్తరం రాస్తా, ఎటు తిరుగుతారో వాళ్లకే తెలియాలి.

ఫోన్ నంబర్లు కూడా సేవ్ చేసుకోండి, ఔటర్ రింగ్ రోడ్డు మీద 14449, విజయవాడ రోడ్డు లాంటి నేషనల్ హైవేల మీద 1033, ఎవరికైనా దెబ్బ తగిలితే 108, ఎక్కడైనా 112. కానీ ఏ నంబర్‌కి చేసినా వాళ్లు అడిగే మొదటి మాట ఎక్కడున్నారు అనే.

అందుకే మీ పేపర్ ద్వారా సంబంధిత అధికారులని ఒక్కటే అడుగుతున్నా. కింద పిల్లర్ల మీద రాసిన నంబర్లనే పైన గోడ లోపలివైపు కూడా రాయించండి, మెరిసే పెయింట్‌తో, కారు సీట్లో కూర్చుంటే కనపడే ఎత్తులో, పక్కన ఎటువైపు పోయే రోడ్డో ఒక బాణం గుర్తుతో. ఒక్క పీవీ ఎక్స్‌ప్రెస్‌వే అనే కాదు, సిటీలో పొడుగ్గా ఉన్న ప్రతి ఫ్లైఓవర్ మీదా. పక్కకి ఆపుకోడానికి జాగా ఇప్పుడు కొత్తగా కట్టలేరు, అది నాకూ తెలుసు, పెయింట్ అయితే వెయ్యొచ్చు కదా.

ఇట్లు,
ఒక పాఠకుడు,
అత్తాపూర్ (ఫ్లైఓవర్ కింద), హైదరాబాద్