కాలువ గట్టు పగిలాక కాదు, ముందే చూడండి

ఎడిటర్ గారికి నమస్కారం.

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యామ్ 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయినప్పుడు మా అనంతపురం జిల్లాలో చాలామందికి నిద్ర పట్టలేదు. డ్యామ్ నిండి ఉంది, నీళ్లేమో కళ్లముందే నదిలోకి పోతున్నాయి. డ్యామ్ గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు గారి బృందం వరద పారుతుండగానే గేటు స్థానంలో స్టాప్‌లాగ్ (నీటిని ఆపే ఇనుప పలక) దింపింది, వాళ్లకు చేతులెత్తి మొక్కాలి.

కానీ 1953లో పూర్తయిన డ్యామ్ అది. పూడిక పేరుకుని 133 టీఎంసీల సామర్థ్యం 105కి పడిపోయింది, 2025లో గేట్ల భయంతో 80 టీఎంసీల దగ్గరే ఆపాల్సి వచ్చింది. అంటే వానలు బాగా పడినా నిలుపుకోలేకపోయాం. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే మా జిల్లాకి ఆ డ్యామ్ నుంచి వచ్చే తుంగభద్ర ఎగువ కాలువే పెద్ద దిక్కు, తాగే నీళ్లయినా, మిరప పంటయినా.

ఆ కాలువ గురించే రాస్తున్నాను. మా ఊరి దగ్గర కాలువ లోపలి సిమెంటు లైనింగ్ బిళ్లలు పగిలి ఆ సందుల్లో తుమ్మ చెట్లు మొలిచాయి, మొదళ్లు నా పిడికిలంత లావున్నాయి, గట్టు అవతల చేను ఎప్పుడూ చెమ్మగానే ఉంటుంది. రెండేళ్లుగా ఆఫీసు చుట్టూ తిరుగుతున్నాం. గేట్లు మార్చడం ఎంత అవసరమో ఇదీ అంతే. నీళ్లు వదలకముందే, ఎండాకాలంలోనే ఈ పని చేయించండి.

– ఒక రైతు, ఉరవకొండ ప్రాంతం