ఇంటి స్థలం గీయడానికి ఏ సాఫ్ట్‌వేర్ చాలు?

సంపాదకుల వారికి,

నమస్కారం. ఇల్లు కట్టుకోబోయేవారు తమ ప్లానును తామే కంప్యూటర్‌లో గీసుకోవచ్చంటూ ఇటీవల మీ సొంతింటి పేజీలో వచ్చిన వ్యాసాన్ని ఆసక్తితో చదివాను. అందులో చూపినవన్నీ త్రీడీ బొమ్మలే: హాల్లో సోఫా, బాల్కనీలో పూలకుండీలు, గోడ మీద పడే సాయంకాలపు ఎండ. ఆ ఇల్లు నిలబడే నేల ఎన్ని అడుగులు, ఏ మూల వంకర తిరిగింది, వీధి ఎటు ఉంది, పక్కవారి ప్రహరీ ఎక్కడ ఆగింది అనేవి గీసుకోవడం గురించి ఒక్క మాటా లేదు. ఇంజినీరు మొదట అడిగేది ఈ కాగితమే కాబట్టి, గుంటూరు శివారున గోరంట్లలో ఉన్న మా స్థలాన్ని గీయడానికి ఈ వేసవిలో కొన్ని వారాలు తంటాలు పడిన మనిషిగా, నాకు తెలిసింది రాస్తున్నాను. నేను విద్యుత్ శాఖలో గుమాస్తాగా చేసి రిటైరైనవాడిని. సివిల్ ఇంజినీరింగ్‌తో నాకు పరిచయం లేదు.

బ్రాడీపేట, అరండల్‌పేటల్లో లైన్లూ అడ్డరోడ్లూ గళ్ల కాగితం మీద గీసినట్టుంటాయి. పొలాలు ప్లాట్లుగా మారిన శివార్లలో అలా కుదరదు. మా దస్తావేజులో ఉత్తరం 36 అడుగుల 6 అంగుళాలు, దక్షిణం 38 అడుగులు, తూర్పు 48 అడుగుల 6 అంగుళాలు, పడమర 47 అడుగుల 10 అంగుళాలు అని ఉంది. అందరూ 200 గజాలు అంటారు. ఎదురెదురు భుజాల సగటు తీసి గుణిస్తే 1,794 చదరపు అడుగులు, అంటే 9తో భాగించగా 199 గజాల పైచిలుకు వస్తుంది. ఇలాంటి స్థలానికి నాలుగు భుజాలు తెలిస్తే సరిపోదు, ఎందుకంటే అవే కొలతలతో ఆ చతుర్భుజాన్ని ఎటు కావాలంటే అటు ఒరిగించవచ్చు. మూల నుంచి మూలకు టేపు పట్టి ఒక కర్ణమైనా కొలిస్తేనే ఆకారం స్థిరపడుతుంది. రెండో కర్ణం తనిఖీకి పనికొస్తుంది. ఖాళీ స్థలంలో ఇద్దరు మనుషులూ ఒక పొడవాటి టేపూ ఉంటే ఇది అరగంట పని.

ఈ కొలతలు పట్టుకుని మూడు రకాల సాఫ్ట్‌వేర్లు ప్రయత్నించాను. స్వీట్ హోమ్ త్రీడీ ఉచితం, నేర్చుకోవడమూ తేలికే, మంచం ఎటు వేయాలో బీరువా ఎక్కడ పెట్టాలో తేల్చుకోవడానికి చక్కగా పనికొస్తుంది. అయితే దాని ధ్యాసంతా గోడలూ సామానూ మీదే. లిబ్రేఆఫీస్‌లో బొమ్మలు గీయడానికి ఉండే ‘డ్రా’ అనే భాగంలో స్కేలు 1:100 అని పెట్టుకుని కొలత గీతలు వేస్తే అసలు కొలతలే కనిపిస్తాయి, అన్నిటికీ మించి తెలుగులో శుభ్రంగా రాసుకోవచ్చు. కానీ ఆ బొమ్మను ఇంజినీరు తన క్యాడ్ (కంప్యూటర్‌లో ప్లాన్లు గీసే) సాఫ్ట్‌వేర్‌లో తెరిచి పని కొనసాగించేలా డీఎక్స్ఎఫ్ ఫైలుగా ఇవ్వడానికి అందులో వీలు లేదు. చివరకు నేను ఎంచుకున్నది లిబ్రేక్యాడ్. అది టూడీ గీతలకే పరిమితం, ఉచితం, సోర్సు కోడ్ అందరికీ అందుబాటులో ఉంటుంది, పాత కంప్యూటర్ మీద కూడా నడుస్తుంది, ఫైలును డీఎక్స్ఎఫ్‌గానే దాచుకుంటుంది. అందులో తెలుగు అక్షరాలు సరిగా రావు. ‘ఈశాన్యం’ అని రాయబోయి విసిగిపోయి ఇంగ్లీషు అక్షరాలతో సరిపెట్టుకోవలసి వచ్చింది.

స్థలం గీసే పద్ధతి మనం బడిలో వృత్తలేఖినితో త్రిభుజం గీసిన పద్ధతే. ఉత్తరపు భుజాన్ని గీతగా గీసి, ఈశాన్య మూల కేంద్రంగా తూర్పు భుజమంత వ్యాసార్ధంతో ఒక వృత్తం, వాయవ్య మూల కేంద్రంగా కర్ణమంత వ్యాసార్ధంతో మరో వృత్తం గీస్తే, రెండూ కలిసే చోట ఆగ్నేయ మూల వస్తుంది. నైరుతి మూల కూడా అంతే. ఆ పైన వృత్తాలు చెరిపేయవచ్చు. కోణాలు కొలిచే పనే లేదు.

నేను దెబ్బతిన్నది కొలతలు ఎక్కించే దగ్గర. యూనిట్ అడుగులు అని పెట్టుకుని, 47 అడుగుల 10 అంగుళాలను 47.10 అని కొట్టాను. కంప్యూటర్‌కు 47.10 అంటే 47 అడుగుల 1 అంగుళం పైన కాస్త మాత్రమే. నిజానికి కొట్టవలసింది 47.83. భుజం దాదాపు 9 అంగుళాలు కురచైపోయినా తెర మీద స్థలం చక్కగా మూసుకునే ఉంది కాబట్టి కంటికి ఏ లోపమూ ఆనలేదు. రెండో కర్ణాన్ని తెర మీద కొలిచి టేపు కొలతతో పోల్చినప్పుడు 7 అంగుళాల తేడా వచ్చి తప్పు బయటపడింది. పక్కవారు మా హద్దులోకి వచ్చారేమోనని ఒక పూటంతా అనుమానించాను. పాపం, వాళ్ల తప్పేమీ లేదు. అప్పటి నుంచి యూనిట్‌ను అంగుళాలుగా పెట్టుకుని, 36 అడుగుల 6 అంగుళాలను 438 అని ఎక్కిస్తున్నాను. కొలత చూపే తీరును ఆర్కిటెక్చరల్ అని మార్చుకుంటే తెర మీద అడుగులూ అంగుళాలే కనిపిస్తాయి. కాబట్టి ఏ సాఫ్ట్‌వేర్ తీసుకున్నా మొదటి రోజే ఒక్క పరీక్ష పెట్టాలని నా అభిప్రాయం: 10 అంగుళాలున్న కొలతను ఎక్కించి, అది తిరిగి ఏం చూపిస్తుందో చూడాలి.

రెండో పరీక్ష ప్రింటుది. 1:100 స్కేలులో మా తూర్పు భుజం 14.8 సెంటీమీటర్లు వస్తుంది, స్థలం మొత్తం ఏ4 కాగితంలో ఇమిడిపోతుంది. అయితే జిరాక్స్ షాపులో కాగితానికి సరిపోయేలా కుదించే ఏర్పాటుతోనే ప్రింటు తీస్తే స్కేలు చెడుతుంది. బొమ్మలో ఒక మూల 5 మీటర్ల గీత వేసుకుని, ప్రింటు మీద అది సరిగ్గా 5 సెంటీమీటర్లు ఉందో లేదో పిల్లల స్కేలుతో చూసుకున్నాకే డబ్బులివ్వడం మంచిది. ఉపగ్రహ చిత్రం మీద గీతలు గీసి అదే స్థలం ప్లాను అనుకునేవారూ ఉన్నారు. వీధి ఎటు తిరిగిందో, చెట్లు ఎక్కడున్నాయో చూసుకోవడానికి అది పనికొస్తుంది గానీ, హద్దులు తేల్చడానికి పనికిరాదు.

ఇక ఆటోక్యాడ్ గురించి. ఇంజినీర్లకు అది నిత్యావసరం, కాదనను. కానీ శాశ్వత లైసెన్సు కొత్తగా అమ్మడం 2016లోనే ఆపేశారు కాబట్టి ఇప్పుడది చందా కడుతున్నంత కాలమే మనది. జీవితంలో ఒక్కసారి ఒక్క స్థలం గీసుకునే మనిషికి ఆ ఖర్చు దండగ. ఆ డబ్బు మిగులుతుందని క్రాక్ కాపీ తెచ్చుకుంటే వైరస్ కూడా వెంట వస్తుంది. మా మేనల్లుడి ల్యాప్‌టాప్‌కు ఆ అనుభవం అయింది. ఉచితమన్న మాటను కూడా ఒక్కసారి పరీక్షించి చూడాలి. చాలామంది వాడుకున్న డ్రాఫ్ట్‌సైట్ అనే క్యాడ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్ 2019 చివరితో ఆగిపోయింది. కంపెనీ మనసు మారినా మన ఫైలు మన చేతిలో ఉండాలంటే డీఎక్స్ఎఫ్ వంటి, పది సాఫ్ట్‌వేర్లు తెరవగలిగే రూపంలో దాచుకోవాలి.

మనం గీసుకున్న ఈ బొమ్మ అనుమతికి పెట్టే ప్లాను కాదని కూడా స్పష్టంగా చెప్పాలి. మునిసిపల్ అనుమతికి లైసెన్సు ఉన్న సాంకేతిక నిపుణుడే ప్లాను గీసి, సంతకం చేసి, ఆన్‌లైన్‌లో పెట్టాలి. అందులో కొలతలు మీటర్లలో ఉంటాయి, సెట్‌బ్యాకుల (హద్దుకూ ఇంటికీ మధ్య వదలాల్సిన ఖాళీల) లెక్క ఆయనే చూస్తారు. మరి మనం గీయడమెందుకంటే, నేను పట్టుకెళ్లిన ఫైలులో హద్దులు ఒక లేయర్ (విడిగా చూపించగల, దాచగల పొర), బోరూ వేపచెట్టూ ఒక లేయర్, కరెంటు స్తంభమూ మురుగు కాలువా మరో లేయర్‌గా ఉండడం చూసి, మా ఇంజినీరు గారు స్థలానికి వచ్చి రెండు భుజాలూ ఒక కర్ణమూ మాత్రం సరిచూసుకుని, మిగతాదంతా నా బొమ్మ మీదే మొదలుపెట్టారు. వేపచెట్టును కొట్టకుండా పోర్టికోను కాస్త జరపవచ్చన్న సంగతి కూడా ఆ కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నప్పుడే మా ఇద్దరికీ తట్టింది.

మీ పత్రిక ద్వారా పట్టణ ప్రణాళికా విభాగం వారికి ఒక మనవి. ఉత్తర దిక్కు గుర్తూ స్కేలు గీతా వీధి వెడల్పు రాసే చోటూ హద్దుదారుల పేర్ల చోటూ ముందే పెట్టి, లేయర్లు విడదీసి ఉంచిన ఒక ఖాళీ డీఎక్స్ఎఫ్ ఫైలును, తెలుగులో ఒక పేజీ సూచనలతో కలిపి, అందరూ దించుకునేలా వెబ్‌సైటులో ఉంచితే దానికయ్యే ఖర్చు దాదాపు ఏమీ ఉండదు. ఈలోగా మీ సొంతింటి పేజీలో ఒక వారం త్రీడీ బొమ్మలు పక్కనపెట్టి, వంకర స్థలాన్ని టేపుతో కొలిచి గీసే తీరును బొమ్మలతో అచ్చువేయగలరా? కావాలంటే నా కొలతల కాగితాన్ని, ఆ తప్పు 47.10తో సహా, పంపిస్తాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కొరిటెపాడు, గుంటూరు.