పాసు ఇచ్చేదీ వాళ్లే, ప్రశ్న ఆపేదీ వాళ్లే: క్రీడల మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర క్రీడల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. బెంగళూరులో ఉంటూ తెలుగు పాఠకులకు క్రీడా వార్తలు రాసేవాణ్ని. ఐపీఎల్ వంటి లీగులు స్టేడియంలోకి రావడానికి విలేకరులకు ఇచ్చే మీడియా పాసుల విషయమై మాలాంటి వాళ్లం మీ కార్యాలయానికి పంపిన వినతిపత్రాలు ఏ బల్ల మీద ఉన్నాయో తెలియదు. అందినట్లు రసీదు మాత్రం వచ్చింది. దానికే కృతజ్ఞతలు చెప్పి ఊరుకునేవాళ్లమే, కానీ మరో సీజన్ ముంచుకొస్తోంది.

మ్యాచ్ ముగిశాక విలేకరుల సమావేశం ఎలా జరుగుతుందో మీకు ఎవరైనా చెప్పారా? మొదటి ప్రశ్న జట్టు సొంత యూట్యూబ్ ఛానల్‌ది: "ఈ గెలుపు మీకెలా అనిపిస్తోంది?" రెండోది ప్రసార సంస్థది. మైకు మా వరుస దాకా వచ్చేసరికి మీడియా మేనేజర్ గడియారం చూసుకుంటాడు. ఒక జట్టు సమావేశంలో (పేరు ఎందుకు లెండి, పాసు వాళ్ల చేతిలోనే ఉంది) ఒక బౌలర్ మోకాలి గాయం గురించి మా మిత్రుడు అడిగాడు. జవాబు రాలేదు. తరువాతి మ్యాచ్‌కు పాసు కూడా రాలేదు. అడిగితే సీట్లు నిండిపోయాయన్నారు. ఆ రోజు ప్రెస్ బాక్సు నిండా మైదానానికి వీపు పెట్టి సెల్ఫీలు తీసుకునేవాళ్లే. మోకాలి సంగతి కొన్నాళ్లకు జట్టు సొంత యాప్‌లో 'ప్రత్యేక కథనం'గా వచ్చింది.

ఒకప్పుడు నెట్స్ పక్కన నిలబడి ఆటగాడితో నాలుగు మాటలు మాట్లాడేవాళ్లం. అనంతపురం కుర్రాడు తెలుగులో చెప్పింది అతని తల్లిదండ్రులు మరునాడు పేపర్లో చదువుకునేవారు. ఇప్పుడు ఆ కుర్రాణ్ని పలకరించాలంటే జట్టు డిజిటల్ విభాగానికి మెయిల్ పెట్టాలి. జవాబుగా వాళ్లే తీసిన వీడియో ముక్క వస్తుంది, వెనుక సంగీతంతో సహా. ఫొటోలూ, ప్రకటనలూ ఉచితంగా పంపుతారు. ఫొటోగ్రాఫర్‌కు జీతం ఇవ్వలేని చిన్న పత్రికలు వాటినే వేసుకుంటాయి. వాటిని తప్పుపట్టలేను.

ఇది నిన్న మొన్న మొదలైంది కాదు. 2012 నవంబరులో ఇంగ్లండ్‌తో టెస్టు సిరీస్‌కు గెట్టీ వంటి ఫొటో ఏజెన్సీలను క్రికెట్ బోర్డు రానివ్వకపోతే, నిరసనగా రాయిటర్స్, ఏపీ (అసోసియేటెడ్ ప్రెస్), ఏఎఫ్‌పీ వార్తా సంస్థలు కూడా ఆ సిరీస్‌ను బహిష్కరించాయి. 2013 మేలో స్పాట్ ఫిక్సింగ్ అరెస్టుల తరువాత, ఛాంపియన్స్ ట్రోఫీకి బయలుదేరే ముందు ధోనీని విలేకరులు ఆ సంగతే అడిగారు. ఆయన నవ్వి ఊరుకున్నారు. ఆ నవ్వే వార్త అయింది. ఇప్పుడైతే ఆ ప్రశ్నకు మైకే అందదు.

ఐపీఎల్ 2023–27 ప్రసార హక్కులు 48,390 కోట్ల రూపాయలకు అమ్ముడయ్యాయి. అంత పెట్టి కొన్నవారికి ఆట చూపించే హక్కు ఉంది, ఎవరూ కాదనలేదు. ప్రశ్న అడిగే హక్కును కూడా అందులోనే కలిపి అమ్మేశారా, అంతే చెప్పండి.

లీగుకు సొంత మీడియా ఉంటే నష్టమేమిటని మీ అధికారులు అనవచ్చు. 2025 జూన్ 4ను గుర్తు చేయమంటారా? ఐపీఎల్ గెలిచిన మా బెంగళూరు జట్టు ఆర్సీబీ విజయోత్సవ ఊరేగింపు ఉంటుందని ఆ ఉదయం జనానికి చెప్పింది ఆ జట్టు సోషల్ మీడియా ఖాతానే. పోలీసుల అనుమతి లేకుండానే ప్రకటించారని కర్ణాటక ప్రభుత్వమే హైకోర్టుకు నివేదించింది. విలేకరి ఎవరైనా ఆ మాట రాసే ముందు పోలీసులకు ఫోన్ చేసి అనుమతి ఉందా అని అడుగుతాడు. సొంత ఖాతాకు అడిగేవాళ్లు ఎవరు? చిన్నస్వామి స్టేడియం గేట్ల దగ్గర తొక్కిసలాటలో 11 మంది చనిపోయారు. లోపల వేడుక సాగుతూనే ఉంది. సంతాపం, పరిహారం ప్రకటించాక ఆ ఖాతా ఆగస్టు 28 దాకా నోరు విప్పలేదు. ఆ నెలల్లో ఆసుపత్రుల దగ్గరా కోర్టు దగ్గరా నిలబడి జరిగింది రాసినవాళ్లకు ఏ లీగూ జీతం ఇవ్వలేదు.

అమెరికాలో మేజర్ లీగ్ బేస్‌బాల్‌కూ సొంత వెబ్‌సైట్ ఉంది. అక్కడి కథనాల చివర, దీనికి లీగు ఆమోదం గానీ క్లబ్బుల ఆమోదం గానీ తీసుకోలేదని ఒక వాక్యం వేసేవారు. అది ఎంతవరకు నిజమో పాఠకుడు తేల్చుకుంటాడు. ఆ మాత్రం మొహమాటమైనా మన దగ్గర లేదు.

2025లో మీరు జాతీయ క్రీడా పరిపాలన చట్టం తెచ్చారు. బిల్లులో గుర్తింపు పొందిన అన్ని క్రీడా సంఘాలనూ సమాచార హక్కు కిందికి తెస్తామన్నారు. ఆమోదం పొందే నాటికి అది ప్రభుత్వ నిధులు తీసుకునే సంఘాలకే పరిమితమైంది. ప్రభుత్వ సొమ్ము అక్కర్లేని బోర్డు ఏదో మీకు తెలియనిదా? కాగితం అడిగే దారి అలా మూసుకుపోయింది. నోటితో అడిగే దారి మీడియా మేనేజర్ గడియారం దగ్గర ఆగిపోయింది.

అయ్యా, పాసులు ఇచ్చే పని లీగుల చేతిలోంచి తీసి మీ చట్టంలోని జాతీయ క్రీడా బోర్డుకు గానీ మరో తటస్థ సంఘానికి గానీ అప్పగించండి. అది పెద్ద కోరిక అనిపిస్తే, పాసు నిరాకరించినప్పుడు కారణం రాతపూర్వకంగా ఇవ్వమనండి. అదీ కుదరదంటే జట్టు సొంత ఛానల్‌ను విలేకరుల సమావేశంలో చివరి వరుసలో కూర్చోబెట్టండి, వాళ్లకు ఆటగాళ్లు బస్సులోనూ దొరుకుతారు. ఇవేవీ మీ పరిధిలో లేవంటే ఎవరి పరిధిలో ఉన్నాయో ఒక్క వాక్యంలో రాసి పంపండి. వచ్చే సీజన్ పాసుల దరఖాస్తులు మొదలయ్యేలోగా పంపితే, ఈసారి అక్కడికే రాసుకుంటాం.

ఇట్లు,
బెంగళూరులోని ఒక తెలుగు క్రీడా విలేకరి