ముందు లెక్కపెట్టమను, తర్వాతే సూత్రం

మల్లేశ్వరం, బెంగళూరు

ఒరేయ్ రాజా,

మీ అమ్మాయి పీయూసీ కెమిస్ట్రీ నోట్సు ఫొటోలు మొత్తం చూశాను. సూత్రాలన్నీ నోటికొచ్చు పిల్లకి. సూత్రం దాకా వెళ్లేలోపే తడబడుతోంది.

బంధాల సంగతి తేలికే. ఆకారం అడిగితే ముందు వేలన్సీ ఎలక్ట్రాన్లు, అంటే బయటి కక్ష్యలోవి, కూడమను. జినాన్ టెట్రాఫ్లోరైడ్‌లో జినాన్‌వి 8, నాలుగు ఫ్లోరిన్లవి 28, మొత్తం 36. బంధాలకు 8, ఫ్లోరిన్ల చుట్టూ 24 పోగా మిగిలిన 4 జినాన్ మీద రెండు ఒంటరి జంటలు, అంటే బంధంలో చేరని జంటలు. అవి ఎదురెదురుగా సర్దుకుంటాయి కాబట్టి ఆకారం సమతల చతురస్రం. తను ఆ నాలుగింటినీ వదిలేసి, మీథేన్‌లా చతుర్ముఖి అని రాసేసింది.

సమతాస్థితి (చర్య రెండువైపులా ఒకే వేగంతో నడిచే స్థితి) లెక్కల దగ్గర మాత్రం నువ్వు పక్కన కూర్చోవాలిరా. 2 లీటర్ల పాత్రలో 1 మోల్ డైనైట్రోజన్ టెట్రాక్సైడ్ అంటే మొదటి గాఢత, మార్పు, చివరి గాఢత రాసే పట్టిక మొదటి వరసలో 1 కాదు, లీటరుకు 0.5 పడాలి. హైడ్రోజన్, అయోడిన్ లెక్కలో రెండువైపులా వాయువుల మోల్స్ సమానం, ఘనపరిమాణం కొట్టుకుపోతుంది. ఆ అలవాటుతోనే ఇక్కడా భాగించడం మానేస్తారు. టెట్రాక్సైడ్ విడిపోయి ఎక్స్ తగ్గితే నైట్రోజన్ డయాక్సైడ్ 2ఎక్స్ పెరుగుతుంది, వర్గం చేస్తే 4ఎక్స్². కేసీ (సమతాస్థితి స్థిరాంకం) 4.6 × 10⁻³ అనుకుంటే ఎక్స్ 0.023. 2ఎక్స్ బదులు ఒట్టి ఎక్స్ రాస్తే 0.046, అంటే దాదాపు రెట్టింపు!

ఇక హారంలో (మొదటి గాఢత − ఎక్స్) అన్నచోట ఎక్స్‌ను వదిలేయడం. 0.1 మోలార్ ఎసిటిక్ ఆమ్లానికి, కేఏ (ఆమ్లం విడిపోయే స్థిరాంకం) 1.8 × 10⁻⁵ తీసుకుంటే, ఎక్స్ 1.34 × 10⁻³. మొదటి గాఢతలో 1.3 శాతమే కనుక వదిలేయొచ్చు, పీహెచ్ 2.87. అదే ఆమ్లం 0.001 మోలార్ అయితే 13 శాతం దాటిపోతుంది. 5 శాతం మించిందా, వర్గ సమీకరణం వేయాల్సిందే: ఎక్స్ 1.25 × 10⁻⁴, పీహెచ్ 3.90. అడ్డదారిలో 3.87 వస్తుంది. పీహెచ్‌లో తేడా చిన్నగానే కనిపిస్తుంది గానీ ఎక్స్ 7 శాతం తప్పు.

రుణాత్మక మూలాన్ని, మొదటి గాఢతను మించిన మూలాన్ని పక్కన పెట్టమను. మిగిలినదాన్ని తిరిగి కే సమీకరణంలో వేసి సరిచూడాలి. తర్వాతి లెక్కల ఫొటోలు పంపేటప్పుడు కొట్టివేతలు చెరపొద్దని చెప్పు, ఎక్కడ ఆగిందో నాకు అక్కడే తెలుస్తుంది.

నీ
గోపి