ఈమెయిల్‌ను అటకెక్కించకండి

సంపాదకులకు నమస్కారం.

వాట్సాప్ ఉండగా ఈమెయిల్‌తో పనేముందని చాలామంది అంటున్నారు. కబుర్లకు, పెళ్లి పిలుపులకు నిజంగానే అక్కర్లేదు. డబ్బు, ఉద్యోగం, ఫిర్యాదు దగ్గరికి వచ్చేసరికి సంగతి వేరు.

బ్యాంకులపై ఖాతాదారుల ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌ దగ్గరికి వెళ్లాలంటే ముందు సంబంధిత బ్యాంకుకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోతే పైకి వెళ్లొచ్చు. ఆ 30 రోజులు ఎప్పటినుంచి అంటే ‘సెంట్’లో ఉన్న మెయిల్ చూపిస్తే సరి. మేనేజరు సొంత నంబరుకు పెట్టిన మెసేజ్ ఆయన బదిలీతోనే అటకెక్కుతుంది. సబ్జెక్టులో ‘సమస్య’ అని రాసి ఊరుకోకుండా లావాదేవీ తేదీ, మొత్తం, రిఫరెన్స్ నంబరు వేయాలి (పిన్, ఓటీపీ మాత్రం ఎవరికీ రాయొద్దు). తర్వాతివన్నీ ఆ మెయిల్‌కే రిప్లైగా పంపితే మొత్తం వ్యవహారం ఒకచోట ఉంటుంది.

మార్కుల జాబితాను వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే నాణ్యత తగ్గి చిన్న అక్షరాలు అలుక్కుపోతాయి. పీడీఎఫ్ చేసి మెయిల్‌కు జోడించడం మేలు. జీమెయిల్‌లో 25 ఎంబీ దాటితే ఫైలు బదులు గూగుల్ డ్రైవ్ (ఆన్‌లైన్‌లో ఫైళ్లు దాచే చోటు) లింకు వెళ్తుంది. అనుమతి ఇవ్వకపోతే అవతలివాళ్లకు అది తెరుచుకోదు.

అసలు తంటా ఇంకోటి. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ మెయిల్, డ్రైవ్, ఫొటోలు మూడింటికీ కలిపి. ఫోన్‌లోని ఫొటోలు, వీడియోలతో అది నిండిందా, కొత్త మెయిళ్లు లోపలికి రావు, పంపినవాళ్లకే తిరిగిపోతాయి. ఇంటర్వ్యూ పిలుపు రాలేదని కంపెనీని తిట్టేముందు స్టోరేజీ, స్పామ్ ఫోల్డరు చూసుకోవాలి.

– ఒక పాఠకుడు, విజయవాడ