పసిబిడ్డ గొంతులో వేలు పెట్టకండి

సంపాదకుడు గారికి,

నేను 19 ఏళ్లుగా పిల్లల వార్డులో స్టాఫ్ నర్సుని. చలికాలం వచ్చిందంటే నెమ్ముతో, ఆయాసంతో చంటిబిడ్డల్ని తెస్తారు. మొన్న 4 నెలల పాపను తెచ్చారు. కఫం తీస్తానని ఎవరో గొంతులో వేలు పెట్టారట. అంగిలి గీరుకుపోయి నెత్తురు. వాళ్లమ్మ ఏడుపు ఇంకా నా చెవుల్లోనే ఉంది.

పసివాళ్లు ఎక్కువగా ముక్కుతోనే గాలి పీలుస్తారు. ముక్కు దిబ్బడేస్తే పాలు తాగలేరు. పాపకు పాలు పట్టే ముందు ముక్కులో రెండేసి సెలైన్ చుక్కలు వేసి, కాసేపు ఆగి, మెత్తటి రబ్బరు బల్బుతో ముక్కు మొదట్లోనే మెల్లగా లాగాం. కఫం లాగే గొట్టం ముక్కు లోపలిదాకా పదేపదే వేస్తే వాపు పెరుగుతుంది. తర్వాత తల్లి ఒళ్లో తల కాస్త ఎత్తుగా పెట్టి, కొంచెం కొంచెంగా పాలు. సాయంత్రానికి రొమ్ము పట్టింది. వీపు మీద చరచమని చాలామంది అడుగుతారు. బ్రాంకియోలైటిస్ (ఊపిరితిత్తుల్లోని సన్నటి గాలి గొట్టాలు వాచే జబ్బు) ఉన్న పిల్లలకు మామూలుగా దానివల్ల మేలు ఉండదు, బిడ్డ అలసిపోతుంది, అంతే.

2 నెలలు దాటి ఏడాది నిండని బిడ్డ నిమిషానికి 50 సార్లు, ఆపైన ఊపిరి తీసినా, డొక్కలు ఎగరేసినా, పాలు మానేసినా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. సెలైన్ చుక్కలు వేయడం టీకాల రోజునే తల్లులకు చేసి చూపించాలని అధికారులను కోరుతున్నాను.

— ఒక స్టాఫ్ నర్సు, కాకినాడ