చిన్న బెల్టు సంగతి ముందు అడుగు

విజయవాడ, ఆటోనగర్

చిరంజీవి భార్గవికి నాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన మూడు ఫొటోలూ చూశాను. మొదటి దానిలో బండి అందం కనిపించింది గాని, నేను కళ్లజోడు తుడుచుకుని చూసినది బానెట్ ఎత్తి తీసిన రెండోది. 1997 నాటి మిత్సుబిషి ఎక్లిప్స్ జీఎస్ఎక్స్, ఇంజనులోకి గాలిని ఒత్తిడితో నెట్టే టర్బో ఉన్నది, నాలుగు చక్రాలకూ శక్తి అందేది. "కొనవచ్చా నాన్నా?" అని ఒక్క ముక్కలో అడిగావు. ఆ ఇంజను గురించి ఒక్క ముక్కలో చెప్పడం నా వల్ల కాదు కనుక తీరికగా రాస్తున్నాను. నువ్వు కూడా తీరికగానే చదువు.

ఆ బండి పుట్టిన ఊరు నువ్వు ఉంటున్న ఊరే. మిత్సుబిషి, క్రైస్లర్ కంపెనీలు 1985లో పొత్తు కలిసి, ఒకరి గుర్తులోని వజ్రాన్నీ మరొకరి గుర్తులోని నక్షత్రాన్నీ కలిపి డైమండ్ స్టార్ అని పేరు పెట్టుకుని, అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలోని నార్మల్ అనే ఊళ్లో కర్మాగారం కట్టాయి. ఎక్లిప్స్, ప్లిమత్ లేజర్, ఈగిల్ టాలన్ అనే మూడు పేర్లతో ఒకే బండి అక్కడి నుంచి బయటికి వచ్చింది. 2015లో మూతపడిన ఆ షెడ్లలోనే ఇప్పుడు ఎలక్ట్రిక్ బండ్లు తయారవుతున్నాయి. నువ్వు రోజూ దాని పక్క నుంచే వెళ్తున్నావు.

ఇక ఇంజను. దాని పేరు 4జీ63. మొదటి అంకె నాలుగు, సిలిండర్ల లెక్క; జీ అంటే పెట్రోలు, ఆరు దాని వంశం, మూడు ఆ వంశంలో దాని వరుస. మిత్సుబిషి వారు తమ ఇంజను వంశాలకు ఆకాశం నుంచి పేర్లు తెచ్చుకున్నారు: సాటర్న్, నెప్ట్యూన్, ఓరియన్, సిరియస్. సాటర్న్ అంటే శనిగ్రహం. ఇంజనుకు శని పేరు పెట్టే ధైర్యం మనవాళ్లలో ఎవరికైనా ఉందేమో నాకు తెలియదు. మన 4జీ63 సిరియస్ వంశానిది, అంటే మనం లుబ్ధకం అని పిలిచే నక్షత్రం పేరు. అదే వంశంలో 1.6 లీటర్ల 4జీ61 మొదలుకొని 2.4 లీటర్ల 4జీ64 వరకు చాలా ఉన్నాయి. 4జీ63 బోరు, అంటే సిలిండరు వెడల్పు, 85 మి.మీ., స్ట్రోకు, అంటే పిస్టను కదిలే దూరం, 88 మి.మీ., మొత్తం 1997 సీసీ. పైన మూతలా ఉండే హెడ్డు అల్యూమినియం, సిలిండర్లు ఉండే బ్లాకు పోత ఇనుము. ఈ ఇనుప బ్లాకు మాట గుర్తుపెట్టుకో. బరువు ఎక్కువన్న మాట నిజమే గాని, టర్బో ఒత్తిడి పెంచుకుంటూ పోయినా తట్టుకుని నిలబడింది దాని వల్లనే. టర్బో లేని సాదా 4జీ63 హ్యుండై సొనాటా వంటి కుటుంబ కార్లలో కూడా గుట్టుగా బతికింది.

టర్బోతో ఇది మొదట 1980ల ఆరంభంలో లాన్సర్ ఈఎక్స్ 2000 టర్బోలో వచ్చింది. అప్పటికి వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్టు ఒకటే, సిలిండరుకు రెండే వాల్వులు, శక్తి 170 పీఎస్, అంటే ఇంచుమించు అన్ని గుర్రాలు. మనం మాట్లాడుకునే అసలు రూపం 1987లో గాలాంట్ వీఆర్-4తో వచ్చింది. రెండు క్యామ్ షాఫ్టులు, పదహారు వాల్వులు, పిస్టన్ల అడుగుకు నూనె చిమ్మి చల్లబరిచే జెట్లు, 205 పీఎస్. 1986 తరువాత ర్యాలీల్లో గ్రూప్ బి రాక్షసులను నిషేధించి, జనానికి అమ్మే బండ్లతోనే పోటీకి రావాలన్నారు. ఆ నిబంధన కోసం కట్టిన బండి అది. 1989లో మికాయెల్ ఎరిక్సన్ దానితో ఫిన్లాండ్‌లో గెలిచాడు. 1991లో ఐవరీ కోస్ట్‌లో కెంజిరో షినోజుకా గెలిచి, ప్రపంచ ర్యాలీ పోటీలో నెగ్గిన మొదటి జపాన్ డ్రైవరు అయ్యాడు.

గాలాంట్ ఒళ్లు పెద్దదని, 1992లో అదే ఇంజనును చిన్నదైన లాన్సర్‌లోకి దింపి లాన్సర్ ఎవల్యూషన్ అన్నారు. మొదటి దానికి 250 పీఎస్, రెండో దానికి 260, మూడో దానికి 270. 1996లో వచ్చిన నాలుగో దానికి 280 అయ్యాక కాగితం మీద లెక్క ఆగిపోయింది. 280 దాటి ప్రకటించకూడదని జపాన్ కంపెనీలు తమలో తాము చేసుకున్న పెద్దమనుషుల ఒప్పందం అందుకు కారణం. అయితే ఒప్పందం శక్తికే గాని టార్క్‌కు, అంటే తిప్పే బలానికి కాదు కదా! నాలుగో ఎవల్యూషన్‌లో 36 కిలోగ్రామ్-మీటర్ల టార్క్ ఉంటే, 2005లో ఇన్‌టేక్ క్యామ్ సమయాన్ని మార్చుకునే మైవెక్‌తో వచ్చిన తొమ్మిదో దానిలో 40.8 అయింది, శక్తి మాత్రం కాగితం మీద అదే 280. ఇంగ్లండ్‌లో 2004లో ఎఫ్‌క్యూ-400 పేరుతో అమ్మిన బండిలో ఇదే రెండు లీటర్ల ఇంజను 405 గుర్రాల శక్తినిచ్చింది. ర్యాలీ బండ్లకు మాత్రం టర్బో ముందు 34 మి.మీ. రంధ్రం పెట్టి గొంతు నొక్కేవారు. ఆ గొంతుతోనే టామీ మాకినెన్ 1996 నుంచి 1999 వరకు వరుసగా నాలుగుసార్లు ప్రపంచ చాంపియన్ అయ్యాడు.

నాలుగో ఎవల్యూషన్‌లో ఇంజనును 180 డిగ్రీలు తిప్పి కూర్చోబెట్టారు. అందుచేత ఆ తరువాతి ఎవల్యూషన్ల ఇంజను తెచ్చి నీ ఎక్లిప్స్‌లో పెడతానని ఎవరైనా అంటే, అది బోల్టులు విప్పి బిగించినంత సులువైన పని కాదని తెలుసుకో. మన దేశంలో తిరువళ్లూరులో 1998 నుంచి తయారైన లాన్సర్ ఒళ్లు ఆ నాలుగు, ఐదు, ఆరు ఎవల్యూషన్ల ఒళ్లే. కాని లోపల ఉన్నది ఎక్కువగా 1.5 లీటర్ల పెట్రోలు ఇంజనో, 2.0 లీటర్ల డీజిలు ఇంజనో. మా షెడ్డుకు వచ్చిన కుర్రవాళ్లు వెనక పెద్ద రెక్క బిగించమని అడిగేవారు. బిగించి ఇచ్చేవాణ్ని, రెక్కకు కావలసిన ఇంజను ఎక్కడి నుంచి తెచ్చేది?

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. వరుసగా పేర్చిన నాలుగు సిలిండర్ల ఇంజనులో రెండు పిస్టన్లు పైకి పోతుంటే రెండు కిందికి వస్తాయి కనుక ఊపు సరిపోతుందని అనుకుంటాము. కాని పిస్టనుకూ, దాని కదలికను తిరుగుడుగా మార్చే క్రాంకుకూ మధ్య ఉన్న కనెక్టింగ్ రాడ్డు ఏటవాలుగా తిరగడం వల్ల, క్రాంకు పై సగం చుట్టులో పిస్టను జరిగే దూరం కింది సగంలో జరిగే దూరం కన్నా ఎక్కువ. ఆ తేడా వల్ల, క్రాంకు ఒక్క చుట్టు తిరిగేలోగా రెండుసార్లు అదురు పుడుతుంది. దీనికి విరుగుడును లాంచెస్టర్ అనే ఇంగ్లీషు ఇంజనీరు 1904లోనే చెప్పాడు: క్రాంకుకు రెట్టింపు వేగంతో తిరిగే రెండు బరువు షాఫ్టులు. మిత్సుబిషి వారు 1970లలో ఆ షాఫ్టులను ఒకటి ఎత్తులో, ఒకటి పల్లంలో అమర్చి, సైలెంట్ షాఫ్ట్ అని పేరు పెట్టి పేటెంటు తీసుకున్నారు. పోర్షే వారంతటి వారు తమ 944 కారు కోసం వారి దగ్గర లైసెన్సు కొనుక్కున్నారు.

4జీ63లో ఆ రెండు షాఫ్టుల్లో ఒకటి ఆయిల్ పంపు గేరుతో తిరుగుతుంది. రెండోదాన్ని తిప్పడానికి, క్రాంకునూ క్యామ్ షాఫ్టులనూ జతపరిచే పెద్ద టైమింగ్ బెల్టు వెనక, వేలెడు వెడల్పు కూడా లేని చిన్న బెల్టు ఒకటి ఉంటుంది. ఇంజను ప్రాణం దాని చేతిలో ఉంది. అది తెగితే ఆ ముక్కలు పెద్ద బెల్టు పళ్లలోకి పోతాయి, టైమింగ్ తప్పుతుంది, పిస్టన్లు పోయి తెరిచి ఉన్న వాల్వులకు కొట్టుకుంటాయి.

ఇది పుస్తకంలో చదివి చెప్పడం లేదు. 2003లో నేను షార్జాలో ఒక గ్యారేజీలో పనిచేస్తున్నప్పుడు ఏడో ఎవల్యూషన్ ఒకటి బెల్టు మార్పిడికి వచ్చింది. పెద్ద బెల్టు కొత్తది వేశాను. చిన్నదాని మీద పగులు కనిపించలేదు, పైగా ఆ రోజు సరుకు లేదు. "అది బాగానే ఉంది, మూసెయ్" అన్నాడు యజమాని. మూసేశాను. మూడు నెలలకు అదే బండిని తాడు కట్టి లాక్కొచ్చారు. హెడ్డు దింపి, వాల్వులు ఒక్కొక్కటీ తీసి అద్దం పలక మీద దొర్లించి చూస్తే పదహారింటిలో పదకొండు వంకర పోయాయి. ఖర్చు యజమాని భరించాడు. కాని ఆ రోజు స్పానరు పట్టుకున్న చెయ్యి నాది.

అప్పటి నుంచి రెండు బెల్టులూ, వాటిని బిగువుగా ఉంచే టెన్షనరూ, నీళ్ల పంపూ ఒకేసారి మార్చకుండా ఆ కవరు మూయలేదు. అరవై వేల మైళ్లకు మార్చాలన్నది లెక్క. బండి నిలిచి ఉన్నా రబ్బరు ఎండుతుంది కనుక ఏళ్ల లెక్క కూడా చూడాలి. ఈ పనిలో ఇంకొక మెలిక ఉంది. ఆయిల్ పంపు పుల్లీ మీది గుర్తు కలిసినంత మాత్రాన లోపలి షాఫ్టు సరైన దిక్కున ఉన్నట్టు కాదు. అది అరచుట్టు తిరగబడి ఉన్నా పైన గుర్తు కలుస్తుంది. అందుకని బ్లాకు పక్కనున్న ఒక ప్లగ్గు విప్పి, 8 మి.మీ. స్క్రూడ్రైవరు లోపలికి దూర్చి చూస్తాము. 60 మి.మీ. దిగితే సరిగా ఉన్నట్టు. 20, 25 దగ్గర ఠక్కున తగిలి ఆగితే పుల్లీని ఇంకో చుట్టు తిప్పాలి. బెల్టు బిగించేదాకా ఆ స్క్రూడ్రైవరు అక్కడే ఉండాలి. నువ్వు మాట్లాడబోయే మెకానిక్కును ఈ స్క్రూడ్రైవరు సంగతి అడుగు. ఆయన నవ్వుతూ చెప్పేస్తే బండి అప్పగించు. ముఖం చిట్లిస్తే వేరే షెడ్డు చూసుకో.

ఇక నీ ఫొటోలోని బండి విషయం. ఎక్లిప్స్ మొదటి తరంలో పెద్ద టర్బో, 7.8 కంప్రెషను (పిస్టను గాలిని ఎన్ని రెట్లు నొక్కుతుందన్న లెక్క), 195 గుర్రాలు. 1995 మోడలుగా వచ్చిన రెండో తరంలో, అంటే నీదానిలో, చిన్న గ్యారెట్ టి25 టర్బో పెట్టి, కంప్రెషను 8.5కు పెంచి 210 చేశారు. సిగ్నలు దగ్గర చురుకుగా కదులుతుంది, వేగం పెరిగేకొద్దీ ఆయాసపడుతుంది. ఊరి తిరుగుడుకు నాకైతే ఇదే నచ్చుతుంది. కాని 1992 నుంచి క్రాంకుకు ఫ్లైవీలును పట్టి ఉంచే బోల్టులు ఆరు నుంచి ఏడు అయ్యాయి, క్రాంకు కూడా మారింది. ఈ ఏడు బోల్టుల ఇంజన్లలో కొన్నింటికి, ముఖ్యంగా రెండో తరం ఎక్లిప్స్‌లో, క్రాంకును చోటు కదలకుండా ఆపే థ్రస్ట్ బేరింగు అరిగి క్రాంకు ముందుకూ వెనక్కూ జరగడం మొదలవుతుంది. అక్కడివాళ్లు దాన్ని క్రాంక్ వాక్ అంటారు. ఎందుకు అరుగుతుందో మెకానిక్కుల్లో తలా ఒక మాట చెబుతారు. లక్షణాలు మాత్రం స్పష్టమే. మలుపు తిరిగేటప్పుడు క్లచ్ పట్టే చోటు మారిపోతుంది. ముదిరితే క్రాంకు సెన్సరు నలిగి బండి నడిరోడ్డులో ఆగిపోతుంది. అప్పుడు బోరింగు చేయించి బాగుచేద్దామన్నా కుదరదు, బ్లాకే పోయినట్టు. కొందరు పాత ఆరు బోల్టుల ఇంజను తెచ్చి వేసుకున్నది అందుకే. నీకు అమ్మేవారు అలా మార్పించి ఉంటే రసీదు చూపమను; ఆ బోల్టులు క్లచ్ దింపితే తప్ప కనిపించవు.

హెడ్డు నుంచి టిక్కుటిక్కుమనే చప్పుడు వస్తే మాత్రం బెదరకు. అది వాల్వుల సందును నూనె ఒత్తిడితో సరిచేసే హైడ్రాలిక్ అడ్జస్టర్ల చప్పుడు. ఈ ఇంజనుకు పుట్టుకతో ఉన్న అలవాటు, కొత్తవి వేస్తే పోతుంది.

డబ్బు మాట ఎత్తకముందు ఒక పని చెయ్యి. సన్నని కదలికను ముల్లుతో చూపే డయల్ గేజ్ ఉన్న మనిషిని తీసుకుని వెళ్లి, గేజ్ మొనను క్రాంకు పుల్లీకి ఆనించమని, నువ్వు సీటులో కూర్చుని క్లచ్ పెడల్ అయిదారుసార్లు తొక్కి వదులు. ముల్లు 0.25 మి.మీ. దాటి కదిలితే, ధర ఎంత తగ్గించినా నేనైతే ఆ బండి తాళం తిరిగి ఇచ్చేస్తాను. పెడల్ తొక్కేటప్పుడు ఆ గేజ్‌ను ఫోనులో దగ్గరగా వీడియో తీసి పంపు. అలాగే మర్నాడు పొద్దున, ఇంజను పూర్తిగా చల్లారి ఉన్నప్పుడు, స్టార్టు చేసిన మొదటి అర నిమిషం చప్పుడు టైమింగ్ కవరు వైపు నుంచి రికార్డు చెయ్యి. ఇక్కడ మాకు రాత్రి అవుతుంది. ఫరవాలేదు, షట్టరు దించి కూర్చుని వింటాను.

ఇట్లు,
మీ నాన్న